పూలషెడ్డులో పొగ గొట్టం

రేవులంక, మోపిదేవి మండలం
24 నవంబరు 2002

మండవ నాగేంద్రబాబుకి,

నేను మండవ సత్యవతమ్మను. కీర్తిశేషులు వెంకట్రామయ్య గారి భార్యను. వయసు డెబ్బయి దాటి చాలా కాలమైంది. ఇంట్లో నేనూ, ఒక పాడి గేదే, వసారా గదిలో రామలక్ష్మీ ఉంటున్నాం. రామలక్ష్మి మొగుడు గిలకలదిండి నుంచి బోటు మీద సముద్రంలోకి వెళ్తాడు గనక ఆమె నెలలో ఎక్కువ రోజులు నా దగ్గరే అన్నం తింటుంది, నీ పూలషెడ్డులో పని చేస్తుంది.

మీ పెదనాన్న భార్యనని నీకు తెలియక కాదు ఇదంతా చెప్పడం. ఇది క్షేమసమాచారాల ఉత్తరం కాదు, ఫిర్యాదు. ఫిర్యాదు చేసేవాళ్ళు తాము ఎవరో ముందు చెప్పుకోవాలని దైవాధీనం గారన్నారు. పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు కదా, ఆయనకి పద్ధతులన్నీ కావాలి. నేను చెప్తున్నాను, ఆయన రాస్తున్నారు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరం అయితే చివరిదాకా చదవక తప్పదు.

నా పొలంలో షెడ్డు వేస్తానన్నప్పుడు నేను అడ్డం చెప్పలేదు. గుడివాడ మిల్లు నుంచి ఊక తెప్పించి, కొలిమిలో మగ్గబెట్టి, ఆ గ్యాసుతో ఇంజను నడిపి, కరెంటూ వేడినీళ్ళూ రెండూ తీస్తానన్నావు. ఆ వేడినీళ్ళు గొట్టాల్లో పారి చలికాలంలో ఆర్కిడ్ పూలకి వెచ్చగా ఉంటుందన్నావు. కరెంటు పోయినా నీ మోటార్లు ఆగవన్నావు. అన్నీ నిజమే అయ్యాయి. నేను కాదనను.

కార్తీకం మొదలైన దగ్గర్నుంచి ఆ షెడ్డులో మాత్రం ఏదో జరుగుతోంది. మొగ్గలు విచ్చుకోకుండానే పసుపెక్కి రాలుతున్నాయి. పొద్దున్నే లోపలికి వెళ్ళే ఆడవాళ్ళకి తలపోటు. ఒకామె బయటికొచ్చి కాలవగట్టు మీద కూర్చుని కక్కుకుంది. బయటి గాలి తగిలాక అందరికీ తగ్గిపోతోంది. మళ్ళీ తెల్లారి వెళ్తే మళ్ళీ అదే.

నీ వేడినీళ్ళ గొట్టాల ఉడుకే ఇది. మనుషుల్ని కుండలో పెట్టి మూత వేసినట్టుంది. ఆ ఇంజను ఆపించు. నువ్వు పూనాలో కూర్చుని పూలపెంపకం నేర్చుకుంటున్నావు. ఇక్కడ పూలూ లేవు, పెంచే మనుషులకి ఓపికా లేదు.

ఇక్కడ దైవాధీనం గారు కలం ఆపారు. కటువుగా ఉందమ్మా అంటున్నారు. మీ చెయ్యి ఒక్కటే నాకు కావాలి, మీ మెత్తదనం అక్కర్లేదు అన్నాను.

మీ పెద్దమ్మ,
సత్యవతమ్మ


పూణె
1 డిసెంబరు 2002

పూజ్యురాలైన పెద్దమ్మకి నాగేంద్ర నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. చివరిదాకా చదివాను, రెండుసార్లు. దైవాధీనం మాస్టారికి కూడా నా నమస్కారం చెప్పండి.

ఇంజను ఆపమన్నారు. పెద్దమ్మా, అది ఆపితే పూలషెడ్డు లేదు. ఇంజను తిరిగితే కరెంటు వస్తుంది. తిరిగేటప్పుడు ఎలాగూ వేడెక్కుతుంది కదా, మామూలుగా ఆ వేడి గాల్లో కలిసిపోతుంది. మనం దాన్ని నీళ్ళలోకి పట్టి మొక్కల దగ్గరికి పంపుతున్నాం. వంట అయిపోయాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద మీరు పాలు కాచుకోరూ? అంతే ఇది. విదేశాల్లో పెద్ద పెద్ద గ్రీన్‌హౌసులన్నీ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. మన జిల్లాలో చేసింది మాత్రం నేనొక్కణ్ణే.

ఇక వేడి అంటారా, తెల్లవారుజామున లోపల ఉండే వేడి మన వైశాఖం పొద్దుటి కన్నా తక్కువ. దానికి తలపోటు రాదు. వాళ్ళు మంచినీళ్ళు సరిగ్గా తాగరు, పొద్దున్నే ఏమీ తినకుండా వస్తారు. కార్తీకమాసం ఉపవాసాలు కూడా ఉన్నాయి. మీ కోడలు జ్యోతిర్మయికి ఫోనులో చెప్పాను, అందరికీ టీ, బన్ను ఇప్పించమని.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. తలపోటని చెప్పి కిటికీ తెరలు ఎత్తించకండి. పొద్దున ఎండ ముదిరేవరకూ షెడ్డు మూసే ఉండాలి. అది చాలా ముఖ్యం. ఫిబ్రవరిలో హైదరాబాదు పెళ్ళిళ్ళకి మన పూలు వెళ్ళాలి. ఆ తర్వాత రెండో షెడ్డుకి బ్యాంకు వాళ్ళు చూడటానికి వస్తారు. ఈ పంట పోతే నన్ను మళ్ళీ ఎవరూ నమ్మరు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ
నాగేంద్ర


రేవులంక
11 డిసెంబరు 2002

నాగేంద్రానికి పెద్దమ్మ ఆశీస్సులు.

టీ, బన్ను వచ్చాయి. తిన్నారు. తలపోటు అలాగే ఉంది.

నేను పోయినసారి ఒకటి తప్పు చెప్పాను. వేడి అన్నాను. వేడి కాదు. ఎలా తెలిసిందో చెప్తాను విను.

మొన్న సుబ్బారాయుడి షష్ఠికి మోపిదేవి గుడికి అరటి గెలలు ఇస్తానని నేను మొక్కుకున్నాను. మన తోటలో గెలలు పచ్చిగా ఉన్నాయి. నీ చిన్నప్పుడు మేం ఎలా మాగబెట్టేవాళ్ళమో నీకు గుర్తుందో లేదో. గొయ్యి తీసి, గెలలు పేర్చి, ఎండాకులు కప్పి, పక్కన కుండలో గడ్డి రాజేసి పొగ లోపలికి ఊదేవాళ్ళం. పొగ అందిన గెల అంతా ఒక్కసారే పండుతుంది. ఊరికే గదిలో వెచ్చగా పెడితే పైన నాలుగు అత్తాలు పండి, కింద ఇంకా పచ్చిగా ఉంటుంది.

ఈ వయసులో గొయ్యి ఎవరు తవ్వుతారని, వెచ్చగా ఉంటుంది గదా అని, కొన్ని గెలలు ఇంజను పాకలో, దాన్ని నడిపే సూరయ్య దగ్గర పెట్టించాను. అక్కడ ఇంకా పెట్టడానికి చోటు లేక మిగిలినవి నీ పూలషెడ్డులో చివరి వరస కింద పెట్టించాను. రామలక్ష్మి మోసుకెళ్ళి పెట్టింది. చెప్పింది నేను.

ఇంజను పాక ఎంత వేడిగా ఉంటుందో నీకు తెలుసు. సూరయ్య అక్కడ చొక్కా తొడుక్కోడు. అక్కడి గెలలు పచ్చిగానే ఉన్నాయి. పూలషెడ్డులోవి మాత్రం మొదటి అత్తం నుంచి చివరి కాయ దాకా పసుపు తిరిగాయి. పూజారి గారు చూసి, "ఎంత బాగా పొగ పెట్టించారమ్మా సత్యవతమ్మ గారూ" అన్నారు. నేను పొగ పెట్టలేదు నాగేంద్రం. మరి ఎవరు పెట్టారు?

నీ ఇంజను పొగ షెడ్డులోకి వస్తోంది. ఎక్కడో గొట్టానికి చిల్లు పడింది. సూరయ్యని పిలిచి అడిగాను. "చిల్లు లేదమ్మా, ఒట్టు" అన్నాడు. గొట్టమంతా చేత్తో తడిమి చూపించాడు. నిజంగానే చిల్లు లేదు. అయినా నేను నమ్మను. నువ్వు వచ్చి చూడు. లేదా గుడివాడ నుంచి ఎవరినైనా పంపించు. అంతదాకా ఆడవాళ్ళని పొద్దున లోపలికి వెళ్ళొద్దని నేను చెప్తాను.

రామలక్ష్మి నిన్న మెట్టు ఎక్కుతూ గోడ పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళ మనిషి. ఉప్పుగాలిలో పెరిగినది, తడి వలలు భుజాన వేసుకుని మోసినది.

మీ పెద్దమ్మ


పూణె
16 డిసెంబరు 2002

పెద్దమ్మకి,

మీ ఉత్తరం చదివి నాకు మతి పోయింది.

ఆర్కిడ్ షెడ్డులో అరటి గెలలా! ఇక్కడ మా మాస్టారికి చెబితే తల పట్టుకున్నారు. పండే అరటికాయల నుంచి ఒక వాయువు వస్తుందట. అది తగిలితే ఆర్కిడ్ మొగ్గలు రాలిపోతాయట. ఇన్నాళ్ళూ మొగ్గలు ఎందుకు రాలుతున్నాయా అని నేను తల బద్దలు కొట్టుకుంటున్నాను. మీరు చెప్పారని రామలక్ష్మి చేసింది సరే, అక్కడ పని చేసే మనిషికి ఆ మాత్రం తెలియొద్దా? జ్యోతిర్మయికి ఫోను చేసి చెప్పేశాను. ఎవరు పెట్టారో వాళ్ళే వెళ్ళి, ఒక్క కాయ కూడా మిగలకుండా గెలలన్నీ తీసెయ్యాలి. తర్వాత ఆ మనిషి ఇక పనిలోకి రానక్కర్లేదు.

ఇక పొగ సంగతి. చిల్లు లేదు పెద్దమ్మా. సూరయ్య చెప్పింది నిజం. పొగ షెడ్డులోకి నేనే పెట్టించాను.

కంగారు పడకండి. మనుషులకి అన్నం ఎలాగో మొక్కలకి పొగలో ఉండే బొగ్గుపులుసు వాయువు అలాగ. విదేశాల్లో ఇంజను పొగని శుభ్రం చేసి గ్రీన్‌హౌసులోకే పంపుతారు. దాంతో మొక్కలు రెండింతలు ఎదుగుతాయి. నేనూ అలాగే ఇంజను పొగని నీళ్ళ డ్రమ్ములో కడిగించి, వరసల కింద చిల్లుల ప్లాస్టిక్ గొట్టం వేయించాను. ఆడవాళ్ళు అది వెచ్చటి గాలి గొట్టమనుకుంటున్నారు, అనుకోనివ్వండి. తెల్లవారుజామున షెడ్డు మూసి ఉంచమన్నది అందుకే. తెరలు ఎత్తితే ఆ గాలి బయటికి పోతుంది. కార్తీకం నుంచే మొదలుపెట్టాం. ఎవరికీ చెప్పొద్దని సూరయ్యతో అన్నాను. చెబితే చుట్టుపక్కల వాళ్ళు కాపీ కొడతారు.

కాబట్టి పొగ వల్ల పూలకి మేలే. చెడు చేసింది మీ గెలలు. దయచేసి ఇంకేమీ చెయ్యకండి.

నాగేంద్ర


రేవులంక
21 డిసెంబరు 2002

నాగేంద్రానికి,

నీ ఉత్తరం ఈరోజు మధ్యాహ్నం వచ్చింది. దైవాధీనం గారు చదివి వినిపించారు. మూడు రోజుల ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

మొన్న లక్ష్మివారం పొద్దున్నే రామలక్ష్మి షెడ్డులోకి వెళ్ళింది. గెలలు మొత్తం నేను గుడికి పంపించేశాననుకున్నాను. ఇంకా రెండు ఆ చివరి వరస కిందే ఉండిపోయాయట. నీ ఫోను వచ్చింది గదా, ఎవరు పెట్టారో వాళ్ళే తియ్యాలని. జ్యోతిర్మయి ఆ మాట ముందు రోజు సాయంత్రం చెప్పింది. పనిలోకి రావద్దన్న మాట మాత్రం చెప్పలేకపోయిందట. రామలక్ష్మి నాతో ఒక్క మాటైనా అనకుండా, మంచు విడవకముందే, తెరలన్నీ దించి ఉన్న షెడ్డులోకి దూరి బల్ల కిందికి పాకింది. నీ చిల్లుల గొట్టం పక్కనే.

సూరయ్య చూసి బయటికి లాక్కొచ్చేసరికి మనిషి కట్టెలా ఉంది. బుగ్గలు మాత్రం ఎర్రగా, జాతరలో రంగు పూసుకున్నట్టు. జ్యోతిర్మయి కారులో బందరు తీసుకెళ్ళాం. దారి పొడుగునా ఆమె తల నా ఒళ్ళో ఉంది. నేను పిలుస్తూనే ఉన్నాను. పలకలేదు.

ఆసుపత్రిలో డాక్టరు, "పొగలో ఉందా ఈవిడ? గదిలో కుంపటి పెట్టుకుని పడుకుందా?" అని అడిగాడు. లేదని చెప్పాను. నాకు తెలియదు గనక లేదని చెప్పాను. ఆ మాట ఇప్పుడు నా నోట్లో కాకరకాయలా ఉంది. నీ వల్ల నేను డాక్టరుకి అబద్ధం చెప్పాను. నీ ఉత్తరం వినగానే దైవాధీనం గారిని పంపించి ఆసుపత్రికి ఫోను చేయించాను, పొగలో ఉందని చెప్పించాను. ఆక్సిజను మీద ఉంచారు. కళ్ళు తెరవలేదు.

సూరయ్యని నిలేసి అడిగాను. "చిల్లు ఉందా అని అడిగారు, లేదన్నాను. గొట్టం ఎక్కడికి పోతోందని అడగలేదు కదమ్మా" అన్నాడు. ఆ మాట అంటూ ఏడ్చాడు. చెంప పగలగొడదామనుకున్న చెయ్యి దించేశాను.

నువ్వు బయల్దేరి రా. వచ్చి ఆ డాక్టరు ముందు నిలబడి, ఏ పొగో, ఎంత పొగో నీ నోటితో చెప్పు.

పెద్దమ్మ


పూణె
25 డిసెంబరు 2002

పెద్దమ్మకి,

జ్యోతిర్మయి ఫోనులో అంతా చెప్పింది. రామలక్ష్మికి ఇలా అవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆసుపత్రి సంగతి అంతా నేను చూసుకుంటాను.

కానీ కొన్ని విషయాలు శాంతంగా ఆలోచించండి. ఆరోజు మార్గశిర లక్ష్మివారం. ఆమె ఉపవాసం ఉండి ఉంటుంది. పైగా డ్రమ్ములో నీళ్ళు నింపే పని సూరయ్యది. ఆ రోజు నీళ్ళు ఉన్నాయో లేదో ఎవరికి తెలుసు? నీళ్ళు లేకపోతే పొగ కడగబడదు. అది నా తప్పు కాదు.

ఆసుపత్రి వాళ్ళు పద్ధతి ప్రకారం పోలీసులకి కబురు చేశారట. సోమవారం తర్వాత వాళ్ళు వచ్చి అడుగుతారు. అందుకని ఒక కాగితం టైపు చేయించి పంపుతున్నాను. రామలక్ష్మి ఉపవాసం వల్ల నీరసపడి, పొద్దున్నే షెడ్డు బయట కళ్ళు తిరిగి పడిపోయిందని అందులో ఉంది. ఆమె మీ ఇంట్లోనే ఉంటుంది, పొలం మీ పేరున ఉంది, మీ మాటకి విలువ ఉంటుంది. కింద మీ వేలిముద్ర వెయ్యండి. దైవాధీనం మాస్టారు సాక్షి సంతకం చేస్తే చాలు.

నేను తప్పించుకోవాలని కాదు పెద్దమ్మా. కేసు అంటే షెడ్డు మూతపడుతుంది. పది కుటుంబాలు దాని మీద ఉన్నాయి. రామలక్ష్మిని కోలుకున్నాక మళ్ళీ పనిలోకి తీసుకుంటాను. నన్ను చిన్నప్పటి నుంచి మీ చేత్తో పెంచారు. ఈ ఒక్కసారి నా మాట వినండి.

మీ
నాగేంద్ర


రేవులంక
30 డిసెంబరు 2002

మండవ నాగేంద్రబాబుకి,

రామలక్ష్మి కళ్ళు తెరిచింది. మొన్న సాయంత్రం నేను పక్కనే ఉన్నాను. నన్ను గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది. తర్వాత, "గెలలు తీసేశానా అమ్మా?" అని అడిగింది. తీశావే తల్లీ అన్నాను. మళ్ళీ అదే అడిగింది. ఇంకా అడుగుతూనే ఉంది. మాట నిదానంగా వస్తోంది, కుడి చెయ్యి వణుకుతోంది. వణుకు పోతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. మొగుడు బోటు దిగి వచ్చాడు. మంచం కాళ్ళ దగ్గరే కూర్చుని ఉంటున్నాడు. నా వైపు చూస్తే నేనే తల తిప్పుకుంటున్నాను.

నువ్వు పంపిన కాగితం దైవాధీనం గారు చదివి వినిపించారు. "పైకి చదవడం నా వల్ల కాదు సత్యవతమ్మా" అంటూనే చదివారు.

ఉపవాసం అన్నావు. బుధవారం రాత్రి ఆమె నా వంటింట్లో పప్పుచారూ వడియాలూ వేసుకుని రెండోసారి అన్నం పెట్టుకుంది. తెల్లారగానే ఉపవాసం మనిషిని పడగొడుతుందా? అలాగైతే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒక్కరైనా మిగిలేవారా? షెడ్డు బయట పడిపోయిందన్నావు. మోకాళ్ళ మీద షెడ్డు లోపలి మట్టి నేనే తుడిచాను.

డ్రమ్ములో నీళ్ళు లేవేమో అన్నావు. ఆ డ్రమ్ము నిండా నీళ్ళున్నాయి. నేను చెయ్యి ముంచి చూశాను, జ్యోతిర్మయి కూడా చూసింది. అదే మాట డాక్టరుని అడిగాను. నీళ్ళలో మసి కడగబడుతుందమ్మా, పొగలో ఉండే విషవాయువు కడగబడదు అన్నాడు. దానికి రంగు లేదట, వాసన లేదట. విదేశాల్లో ఏ గ్యాసు తగలబెడతారో, ఎలా శుభ్రం చేస్తారో నాకు తెలియదు. నువ్వు అక్కడి పద్ధతిలో సగం తెచ్చావు. మిగతా సగం మా ఊపిరితిత్తుల మీద చేసి చూశావు.

నువ్వు అడిగిన దాంట్లో ఒకటి చేశాను. ఇంజను ఆపలేదు. మొదట ఆపమన్నదాన్ని నేనే, అది నా తెలివితక్కువ. కరెంటు నడుస్తోంది, వేడినీళ్ళు గొట్టాల్లో పారుతున్నాయి. వాటి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పొగ గొట్టం మాత్రం సూరయ్య చేత కోయించాను. పాక కప్పు మీదుగా ఆకాశంలోకి తిప్పించాను. చిల్లుల గొట్టం పీకించి గట్టు మీద పడేయించాను, పోలీసులు చూడాలి గదా. తెరలు ఎత్తించాను. పొలం నాది. దాని మీద ఏం పొగ రావాలో చెప్పే హక్కు నాకుంది. చెడు చేసింది గెలలన్నావు గానీ, మొగ్గలు కార్తీకంలోనే రాలాయి, గెలలు పెట్టింది షష్ఠి ముందు; గెలల్ని పండించిన పొగే మొగ్గల్నీ రాల్చింది. పూలు బతుకుతాయో లేదో తెలియదు. పది కుటుంబాలు అన్నావు. ఆ పది కుటుంబాల ఆడవాళ్ళని నేను పిలిచి, వాళ్ళు ఇన్నాళ్ళూ ఏం పీల్చారో చెప్పాను. కొందరు ఏడ్చారు. ఒకామె నిన్ను తిట్టింది. నేను ఆపలేదు. మర్నాడు వాళ్ళు పనిలోకి వచ్చారు, తెరలు ఎత్తి ఉన్నాయని చూసుకుని లోపలికి వెళ్ళారు.

చిన్నప్పుడు నా చేత్తో పెంచానన్నావు. ఆ చెయ్యే నీ కాగితం మీద పడదు. నాకు అక్షరం రాదు. నాకున్నది ఈ ఒక్క వేలు. అది అబద్ధం మీద పెడితే ఇక నాదంటూ ఏం మిగులుతుంది?

అందుకని నీ కాగితం వెనక్కి పంపుతున్నాను, ఏ మరకా లేకుండా. దాని బదులు నేను చూసింది, నేను చెప్పింది ఇందులో ఉంది. దైవాధీనం గారు మొత్తం నాకు తిరిగి చదివి వినిపించారు. ఒక మాట మెత్తగా రాశారు, మళ్ళీ రాయించాను. దీనికి రెండు ప్రతులు రాయించాను. ఒకటి నీకు. ఇంకొకటి నా కొంగున ముడేసుకుని బందరు తీసుకెళ్తాను. రామలక్ష్మి మంచం పక్కన కూర్చుని ఉంటాను. పోలీసులు అడిగినప్పుడు ఇస్తాను.

నా వేలిముద్ర కింద ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. మూడో చోటు ఖాళీగా ఉంచమన్నాను. పొగ లోపలికి ఎవరు పెట్టించారో నాకన్నా బాగా తెలిసినవాడు ఒకడున్నాడు. వచ్చి ఆ చోట సంతకం చేస్తే వాడు నా బిడ్డ. రైలు ఎక్కు.

నిశానీ: మండవ సత్యవతమ్మ, ఎడమ చేతి బొటనవేలు

రాసినవారు: దైవాధీనం, రిటైర్డు పోస్టుమాస్టరు, రేవులంక

సాక్షులు:

1. సూరయ్య, ఇంజను డ్రైవరు

2. మండవ జ్యోతిర్మయి, నాగేంద్రబాబు భార్య

3.